నీటి మీద నీటిపూస: ఒక చినుకు గంతు వెనుక లెక్క

ముసురు పట్టిన రోజు నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం కట్ట మీదో, మీ ఊరి చెరువు తూము దగ్గరో నిలబడి నీటిని కాసేపు దగ్గరగా చూడండి. పడిన చినుకులన్నీ వెంటనే నీటిలో కలిసిపోవు. కొన్ని చిన్న చుక్కలు గాజుపూసల్లా నీటి మీదే దొర్లి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత మాయమవుతాయి. నీరు నీటిని తాకితే కలిసిపోవాలి కదా, మరి ఆ క్షణం పాటు దాన్ని ఆపిందెవరు?

ఆపింది గాలి. చుక్కకీ చెరువుకీ మధ్య చిక్కుకున్న గాలి పక్కకు తప్పుకోవడానికి కొంత గడువు కావాలి. పడిన చుక్క అణిగి, మళ్లీ ముద్దకట్టి పైకి లేవడానికి మరికొంత గడువు కావాలి. గాలి ముందు తప్పుకుంటే చుక్క కలిసిపోతుంది. చుక్క ముందు లేస్తే ఎగురుతుంది. నూట నలభై ఏళ్లకు పైగా దీని మీద జరిగిన పరిశోధన అంతా చివరికి ఈ రెండు గడువుల్లో ఏది చిన్నదో తేల్చే లెక్కే. ఆ లెక్కను ఇంటి కొలతల్లోకి దింపి చూద్దాం.

అది బుడగ కాదా?

చాలామందికి మొదట వచ్చే అనుమానం ఇదే. వానలో బుడగలూ లేస్తాయి, పూసలూ దొర్లుతాయి. బుడగ లోపల ఉండేది గాలి. పైన పల్చని నీటి పొర బోర్లించిన గిన్నెలా నిలుస్తుంది. పూస లోపలంతా నీరే. అది గుండ్రంగా ఉండి, చిన్న గాలి వీచినా నున్నటి బండ మీద గోలీలా జారిపోతుంది. ఫిల్టరు కాఫీ దిగేటప్పుడు గ్లాసులో కాఫీ మీద పరుగెత్తే చిన్న చుక్కలు కూడా ఈ కోవలోవే.

ఈ పూసల గురించి ఇంగ్లండులో ఆస్బర్న్ రేనాల్డ్స్ 1881లోనే రాశాడు. నీటి పైభాగం ఎంత శుభ్రంగా ఉంటే పూసలు అంత బాగా నిలుస్తాయని ఆయన గమనిక. మన దేశంలో ఎల్.డి. మహాజన్ 1930 ప్రాంతంలో, చుట్టూ ఉన్న వాయువును బట్టి తేలే చుక్క ఆయువు ఎలా మారుతుందో పరీక్షించాడు. అంటే ఆటలో మూడో మనిషి గాలేనన్న సంగతి అప్పటికే తెలుసు. ఎంత గాలి, ఎంతసేపు అన్నదే మిగిలిన ప్రశ్న.

చిన్న చుక్క రబ్బరు బంతిలా ఎందుకు ఉంటుంది?

నీటి పైపొర ఎప్పుడూ బిగుసుకోవాలనే చూస్తుంది. దీన్నే పాఠ్యపుస్తకాల్లో తలతన్యత అంటారు. నీటికి దీని విలువ మీటరుకు 0.072 న్యూటన్లు. మన భాషలో చెప్పాలంటే, నీటి మీద మీటరు పొడవున గీత గీస్తే ఆ గీతను ఒక వైపుకు లాగే బలం 7.3 గ్రాముల బరువుకు సమానం. పది రూపాయల బిళ్ల బరువు కంటే ఇది కాస్త తక్కువే.

ఇంత చిన్న బలానికి అంత పెత్తనం ఎలా వచ్చింది? చుక్క మరీ తేలిక కాబట్టి. మిల్లీమీటరు అడ్డం ఉన్న నీటి చుక్కలు సుమారు 1,900 చేరితేనే గ్రాము నీరవుతుంది. అంత చుక్కలో భూమి లాగే లాగుడును, పైపొర బిగువును పక్కపక్కన పెట్టి తూస్తే, భూమి వాటా బిగువులో నూటికి మూడు పాళ్లు మాత్రమే. చుక్క అడ్డం పదోవంతుకు తగ్గితే ఈ వాటా నూరోవంతుకు తగ్గుతుంది. అందుకే బిందెడు నీరు నేల మీద పరుచుకుంటుంది గానీ, తామరాకు మీది చుక్క గుండ్రంగా నిలబడుతుంది. నొక్కితే అణిగి, వదిలితే మళ్లీ గుండ్రమయ్యే గుణం ఆ బిగువు వల్లే వచ్చింది.

మధ్యలో ఉండే గాలి ఎంత మందం?

పెనం కాలిందో లేదో చూడటానికి దోశ వేసేముందు నీళ్లు చిలకరిస్తాం. బాగా కాలితే చుక్కలు ఆవిరైపోకుండా పెనమంతా గంతులేస్తాయి. చుక్క అడుగున పుట్టిన ఆవిరే దాన్ని ఎత్తిపట్టుకుంటుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో దీన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. ఆ ఆవిరి పరుపు మందం సుమారు మిల్లీమీటరులో పదోవంతు, అంటే దాదాపు తలవెంట్రుక అంత.

చెరువు మీద వేడి లేదు, కొత్తగా ఆవిరి పుట్టదు. చుక్క వస్తూ వస్తూ తన కింద నొక్కిపట్టిన గాలే దిక్కు. ఆ గాలి పక్కలకు కారిపోతూ సన్నబడుతుంది. సుమారు 100 నానోమీటర్ల దాకా, అంటే మిల్లీమీటరులో పదివేలోవంతు దాకా సన్నబడితే అటూ ఇటూ ఉన్న నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పొర చిరుగుతుంది, చుక్క కలిసిపోతుంది. మిల్లీమీటరు చుక్కను పది మీటర్ల ఎత్తు మేడ అంతకు పెంచి ఊహించుకుంటే, చిరగబోయే ముందు దాని కింద మిగిలిన గాలి ఒక్క మిల్లీమీటరు.

గాలి నీటి కంటే యాభై రెట్లకు పైగా పల్చన, చటుక్కున తప్పుకోవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కంతా సందు ఇరుకుతనంలో ఉంది. నొక్కుడు అంతే ఉన్నా, సందు సగమైతే దానిలోంచి పారే గాలి సగం కాదు, ఎనిమిదోవంతవుతుంది. పదోవంతైతే వెయ్యోవంతు. పెద్ద కాగితాన్ని బల్లపరుపుగా నున్నటి గచ్చు మీద వదలండి. గచ్చుకు ఆనే ముందు అది పక్కకు జర్రున జారుతుంది. అడుగున చిక్కిన గాలి వెంటనే బయటికి పోలేకపోవడమే కారణం. చుక్క కింద జరిగేదీ అదే.

చుక్క తిరిగి లేవడానికి ఎంతసేపు?

ఇది రెండో గడువు. దీని లెక్క తేలిక. నీటి సాంద్రతను చుక్క వ్యాసార్ధపు ఘనంతో హెచ్చించి, తలతన్యతతో భాగించి, వర్గమూలం తీయాలి. మిల్లీమీటరు అడ్డం ఉన్న చుక్కకు ఇది సెకనులో వెయ్యోవంతులు 1.3, అంటే 1.3 మిల్లీసెకన్లు. నీరంటని గట్టి ఉపరితలం మీద పడిన చుక్క దీనికి 2.6 రెట్ల సేపు ఆనుకుని ఉంటుందని 2002లో ఫ్రెంచ్ పరిశోధకులు రిషార్, క్లానే, కెరే కొలిచి చూపారు. అంటే సుమారు 3.4 మిల్లీసెకన్లు. చెరువు మీదైతే అడుగున ఉన్న నీరు కూడా కుంగుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

3.4 మిల్లీసెకన్లంటే ఎంత? రెప్పపాటును సెకనులో పదోవంతు అనుకుంటే, ఆ లోపల ఇలాంటి ఆనుడులు దాదాపు ముప్పై పడతాయి. సెల్‌ఫోన్ మామూలు వీడియోలో ఒక బొమ్మకీ మరో బొమ్మకీ మధ్య 33 మిల్లీసెకన్లు ఉంటాయి. సెకనుకు 240 బొమ్మలు తీసే స్లోమోషన్‌లో కూడా ఆ ఎడం నాలుగు మిల్లీసెకన్లకు పైనే. చుక్క నీటిని తాకి లేచిన సంగతి ఆ రెండు బొమ్మల మధ్యే జరిగిపోవచ్చు.

ఈ లెక్కలో పడే వేగం ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు. పొరపాటున వదిలేసింది కాదు. ఉయ్యాల గుర్తు చేసుకోండి. మెల్లగా ఊపినా, కొంచెం గట్టిగా ఊపినా వెళ్లి రావడానికి దాదాపు ఒకే సేపు పడుతుంది. చుక్క కూడా వేగంగా పడితే ఎక్కువ అణుగుతుంది, అంతే వేగంగా ముద్దకడుతుంది. గడువును మార్చేది చుక్క సైజు. అడ్డం రెట్టింపైతే గడువు 2.8 రెట్లవుతుంది, అంతసేపూ కింద గాలి కారిపోతూనే ఉంటుంది. పెద్ద చుక్కలు పందెం ఓడిపోవడానికి ఒక కారణం ఇదే.

మరి జోరువానలో పూసలు ఎగరవేం?

వేగానికి అసలు పాత్ర లేదనుకోకండి. పడే ఊపు పైపొర బిగువును మించిపోతే చుక్క అణిగి లేవడం కాదు, చిందిపోతుంది. ఊపును బిగువుతో భాగిస్తే వచ్చేదాన్ని వెబర్ సంఖ్య అంటారు. జర్మన్ ఇంజినీరు మొరిట్జ్ వెబర్ పేరు మీద వచ్చింది. దీనికి గ్రాములూ మీటర్లూ ఉండవు, వట్టి అంకె. ఒకటికి అటూ ఇటుగా ఉంటే బిగువుదీ ఊపుదీ సమాన బలం. వందల్లో ఉంటే ఊపుదే రాజ్యం.

రెండు వానల్ని పోల్చి చూద్దాం. జోరువానలో 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో దిగుతుంది. గంటకు 23 కిలోమీటర్లు, అంటే గట్టిగా తొక్కే సైకిలు వేగం. చుక్క వ్యాసార్ధంతో కడితే దాని వెబర్ సంఖ్య దాదాపు 590. ముసురులో 0.2 మిల్లీమీటర్ల తుంపర సెకనుకు సుమారు 0.7 మీటరే దిగుతుంది. అది తీరిగ్గా నడిచే మనిషి వేగం. దాని వెబర్ సంఖ్య 0.7. రెండూ వానే అయినా ఈ అంకెలో తేడా ఎనిమిది వందల రెట్లు.

1964లో జయరత్నే, మేసన్ అనే శాస్త్రజ్ఞులు సరిగ్గా ఈ తుంపర సైజునే పట్టుకున్నారు. 0.12 నుంచి 0.4 మిల్లీమీటర్ల అడ్డం ఉన్న చుక్కల్ని శుభ్రమైన నీటి మీదికి వదిలి, వేగాన్నీ, పడే వాలునూ మారుస్తూ ఎప్పుడు ఎగురుతున్నాయో, ఎప్పుడు కలుస్తున్నాయో పట్టిక కట్టారు. ఎగిరిన చుక్కలు నీటిని ఆనుకున్నది సుమారు ఒక్క మిల్లీసెకను. చుక్కకు కొంచెం విద్యుదావేశం ఉంటే మాత్రం ఎగరకుండా కలిసిపోయేది.

జోరువానలో కూడా పూసలు కనిపిస్తాయి కదా అంటే, నిజమే. అవి పైనుంచి నేరుగా పడినవి కావు. పెద్ద చినుకు చిందినప్పుడు లేచిన పిల్లచుక్కలు. తక్కువ ఎత్తు నుంచి మెల్లగా దిగుతాయి కాబట్టి వాటి వెబర్ సంఖ్య చిన్నది. వాటికి కొదవ కూడా లేదు. గంటకు 10 మిల్లీమీటర్ల వాన కురుస్తోందనీ, చినుకులన్నీ 2 మిల్లీమీటర్లవేననీ అనుకుంటే, ఒక చదరపు మీటరు మీద సెకనుకు 660కి పైగా చినుకులు పడతాయి. నూరెకరాల చెరువు మీదైతే సెకనుకు దాదాపు 27 కోట్లు. వీటిలో ప్రతి చిందులోంచీ లేచే పిల్లచుక్కలు అదనం.

ఈ గంతును సమీకరణంలో ఎలా పడతారు?

గణిత నమూనా అంటే భయపడే పనేమీ లేదు. జరిగేదాంట్లో ముఖ్యమైనవాటిని ఉంచి, మిగతావి వదిలి, లెక్కల్లో కట్టిన బొమ్మ అది. ఏది వదిలినా జవాబు చెడదో తెలుసుకోవడమే అందులో నేర్పు. మిల్లీమీటరు చుక్కలో భూమి వాటా మూడు శాతమే కాబట్టి ఆకారం లెక్కలో దాన్ని దాదాపు పక్కన పెట్టొచ్చని ఇందాక చూశాం. అలాంటి నిర్ణయాలే ఇక్కడన్నీ.

అన్నిటికంటే తేలికైన నమూనాలో చుక్కను స్ప్రింగు మీది బరువుగా చూస్తారు. పైపొర బిగువే స్ప్రింగు, నీటి బరువే బరువు. గడువు ఎంతో ఇది ఇంచుమించుగా సరిగ్గానే చెబుతుంది. అయితే ఎంత ఎత్తు ఎగురుతుందంటే తప్పు చెబుతుంది, ఎందుకంటే అడుగున ఉన్నది గట్టి నేల కాదు. చుక్క అణిగినప్పుడు చెరువు కూడా గుంటపడుతుంది, ఆ గుంటలోంచి అలలు బయలుదేరతాయి. కాబట్టి రెండో మెట్టులో చుక్క ఆకారానికి ఒక సమీకరణం, నీటి ఉపరితలానికి మరొకటి రాసి, రెండూ ఆనుకునే చోట వాటిని జతచేస్తారు.

ఇక్కడ మంచి అనుమానం వస్తుంది. అంత ముఖ్యమైన గాలి పొరను లెక్కలో ఎక్కడ పెట్టారు? చాలా నమూనాల్లో పెట్టరు. పరుపు మీద పసివాణ్ణి పడుకోబెడితే ఎంత కుంగుతుందో చూడటానికి మధ్యలో పరిచిన దుప్పటి మందం లెక్కలోకి రాదు. పరుపు తడుస్తుందా లేదా అన్నది మాత్రం దుప్పటి మీదే ఆధారపడుతుంది. అలాగే గాలి పొర చుక్క ఒత్తిడిని కింది నీటికి ఉన్నదున్నట్టు చేరవేస్తుంది కాబట్టి గంతు ఎత్తు లెక్కలో దాన్ని వదలొచ్చు. కలుస్తుందా, ఎగురుతుందా అన్న లెక్కలో వదలకూడదు. 2017లో గలియానో-రియోస్, మిలెవ్‌స్కీ, వాన్‌డెన్-బ్రోక్ ఈ దారినే పట్టారు. ఆనుకున్న మేర రెండు ఉపరితలాలూ ఒకే ఆకారంలో కదలాలి, మిగతా చోట ఒకదాన్నొకటి దూరకూడదు అన్న రెండు షరతులతోనే ఒత్తిడి ఎక్కడెంతో రాబట్టారు. 2023లో ఆల్వెంటోసా, చింపేయాను, హ్యారిస్ చిన్న చుక్కల మీద ప్రయోగాన్నీ, ఇలాంటి నమూనానూ, కంప్యూటరు మీద చేసిన పూర్తి లెక్కనూ పక్కపక్కన పెట్టి పోల్చారు.

పడిన శక్తి ఎక్కడికి పోతుంది?

జయరత్నే, మేసన్ కొలతల ప్రకారం గంతులో చుక్క తన కదలిక శక్తిలో సుమారు 95 శాతం పోగొట్టుకుంటుంది. అలాంటి బంతిని మీటరు ఎత్తు నుంచి వదిలితే తిరిగి లేచేది అయిదు సెంటీమీటర్లే. పోయిన శక్తిలో కొంత చెరువులో అలలుగా పాకుతుంది. కొంత చుక్క సాగుతూ అణుగుతూ ఊగడంలో ఖర్చవుతుంది. చివరికదంతా ద్రవపు లోపలి రాపిడికి, అంటే స్నిగ్ధతకు, ఖర్చయి కనిపించనంత వేడిగా మారుతుంది. అందుకే చెరువు మీది పూస ఒకటి రెండు గంతులతోనే చల్లబడి, ఆగి, గాలి కారిపోయాక నీటిలో కలుస్తుంది.

ఆగకుండా ఎగిరించలేమా?

ఎగిరించొచ్చు. గంతు గంతుకీ పోయే శక్తిని కింది నుంచి అందిస్తే చాలు. గిన్నెను కిందికీ మీదికీ ఊపితే చుక్క చాలాసేపు బతుకుతుందని 1978లో జెర్ల్ వాకర్ రాశాడు. గాలి గడువు ముగిసేలోపే గిన్నె చుక్కను మళ్లీ పైకి విసురుతుంది, చుక్క కింద కొత్త గాలి చేరుతుంది. 2005లో పారిస్‌లో ఈవ్ కుడే బృందం సిలికోన్ నూనెతో ఇదే చేస్తూ ఒక వింత చూసింది. ఊపు పెంచుతూ పోతే, ఒక హద్దు దగ్గర చుక్క ఉన్నచోటే ఎగరడం మానేసి నడవడం మొదలుపెట్టింది.

నీరుండగా నూనె ఎందుకంటే, నీటి తలతన్యత చేతి జిడ్డు తగిలినా మారిపోతుంది. సిలికోన్ నూనె అంత సున్నితం కాదు. ఈ ప్రయోగాల్లో తరచుగా వాడేది నీటికి ఇరవై రెట్లు చిక్కన, వంటనూనె కంటే మాత్రం పల్చన.

పేరుపడ్డ ఒక అమరికలో గిన్నె సెకనుకు 80 సార్లు ఊగుతుంది. ఊగే మేర ఎంతో కాదు, మధ్య నుంచి పైకి మిల్లీమీటరులో ఆరోవంతు. నోటుపుస్తకం కాగితం ఒకటిన్నర మందం అనుకోండి. ముప్పావు మిల్లీమీటరు చుక్క సెకనుకు 40 సార్లు ఎగురుతూ, సెకనుకు సుమారు 10 మిల్లీమీటర్లు నడుస్తుంది. గంతుకు పావు మిల్లీమీటరు. గంటకు లక్షా నలభై నాలుగు వేల గంతులు, 36 మీటర్ల నడక. కిలోమీటరు కట్ట దాటాలంటే దానికి దాదాపు 28 గంటలు.

ఆ హద్దు ఏమిటో అర్థం కావాలంటే వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ జలాశయాన్ని తలచుకోండి. అక్కడి సైఫన్లు నీరు ఒక మట్టం చేరేదాకా కదలవు. మట్టం దాటితే ఎవరూ గేటు ఎత్తకుండానే పారతాయి. ఊపుడుకు కూడా అలాంటి మట్టం ఉంది. అది దాటితే ద్రవం మీద చుక్క లేకపోయినా అలలు వాటంతటవే నిలబడతాయి. 1831లో మైకేల్ ఫారడే వీటిని వర్ణించాడు. నడిచే చుక్కలన్నీ ఆ మట్టానికి కాస్త దిగువన, అలలు ఇంకా లేవని చోట బతుకుతాయి.

చుక్కకు జ్ఞాపకం ఉంటుందా?

మట్టానికి దిగువన అల తనంతట లేవదు గానీ, చుక్క ఒక్క పోటు పొడిస్తే లేచి చాలాసేపు ఆరిపోకుండా ఉంటుంది. మట్టానికి ఎంత దగ్గరగా ఊపితే అల ఆయువు అంత పెరుగుతుంది. ఊపు మట్టంలో 90 శాతం ఉంటే అల ఆయువు ఊపనప్పటి కంటే పది రెట్లు. 99 శాతమైతే వంద రెట్లు. అంటే చుక్క ఇప్పుడు దిగే చోట, తాను ఇంతకుముందు దిగిన పదుల చోట్ల అలలు ఇంకా కదులుతూ ఉంటాయి. ఆ అలల వాలే దాన్ని ఎటు పోవాలో తోస్తుంది. దీన్నే దారి జ్ఞాపకం అంటున్నారు.

2013లో ఓజా, రొజాలెస్, బుష్ దీన్ని ఒకే సమీకరణంలో పెట్టారు. మాటల్లో చెబితే అది ఇంతే: చుక్క ద్రవ్యరాశి గుణించు త్వరణం, దానికి రాపిడి కలిపితే, కింద ఉన్న అల వాలు తోసే బలానికి సమానం. ఆ అల ఎత్తు అంటే గతంలో పడిన ప్రతి గంతూ లేపిన వలయాల మొత్తం. పాతవాటి వంతు కాలంతోపాటు తరుగుతూ పోతుంది. మామూలుగా బంతి ఎటు పోతుందో చెప్పడానికి ఇప్పుడెక్కడుందో, ఎంత వేగంగా ఉందో తెలిస్తే చాలు. ఈ చుక్కకు మాత్రం నడిచొచ్చిన దారంతా తెలియాలి.

గతాన్ని మోసే సమీకరణాలు మన దగ్గరా కొత్త కాదు. ద్రవంలో కదిలే కణం తాను రేపిన కలతను తానే తిరిగి ఎదుర్కొంటుంది. హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ కేంద్రంలో కొన్నేళ్లు పనిచేసి, తర్వాత బెంగళూరు ఐసీటీఎస్‌కు వెళ్లిన రమా గోవిందరాజన్, గంగా ప్రసాద్, విశాల్ వాసన్‌లతో కలిసి ఆ జ్ఞాపకపు పదాన్ని కచ్చితంగా లెక్కించే పద్ధతిని 2019లో ప్రచురించారు. మొగులులో తిరిగే నీటి కణాల లెక్కకు ఇలాంటివి దగ్గరి చుట్టాలు.

అయితే అణువుల రహస్యం తేలిపోయినట్టేనా?

చుక్క కణంలాంటిది, దాన్ని నడిపేది అల. క్వాంటం లోకంలో కణాన్ని అల నడిపిస్తుందని 1920లలో లూయీ ద బ్రోయ్ ఊహించాడు కాబట్టి పోలిక తేలిగ్గా తట్టింది. 2006లో కుడే, ఫోర్ చుక్కల్ని రెండు సందుల గుండా పంపి, ఎలక్ట్రాన్ల మాదిరి చారలు వచ్చాయన్నారు. 2015లోనూ 2018లోనూ వేర్వేరు బృందాలు మరింత జాగ్రత్తగా చేసి చూస్తే ఆ చారలు అదే తీరున రాలేదు. కాబట్టి పోలిక ఆలోచనకు పనికొస్తుంది, రుజువుకు పనికిరాదు. నూనె చుక్క నూనె చుక్కే.

మన పొలానికీ మొగులుకీ ఇందులో ఏముంది?

జూరాల కింద వరి వేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. వరి ఆకు మీద నీరు నిలవదు. మందు కొడితే సన్న చుక్కలు ఆకును తాకి ఎగిరి నేలపాలవుతాయి. ఇందాకటి 2.6 రెట్ల లెక్క ఇక్కడ నేరుగా పనికొస్తుంది. 0.2 మిల్లీమీటర్ల పిచికారీ చుక్క ఆకును ఆనుకుని ఉండేది 0.3 మిల్లీసెకన్లు. జిగురు కలిపినా మరేది కలిపినా చుక్కను పట్టుకోవడానికి దానికి దొరికే వ్యవధి అంతే, సెకనులో మూడువేలోవంతు. ఐఐటీ మద్రాసులో చదివి అమెరికాలో ఎంఐటీలో పాఠం చెబుతున్న కృపా వారణాసి బృందం 2016లో దీనికో ఉపాయం చూపింది. వ్యతిరేక ఆవేశాలున్న రెండు పాలిమర్లను వేర్వేరు ద్రావణాల్లో కలిపి ఒకేసారి పిచికారీ చేశారు. ఆకు మీద రెండు రకాల చుక్కలు కలిసిన చోట సన్నని గరుకు పొక్కులు ఏర్పడి చుక్కను పట్టి ఉంచాయి.

మొగులులోనూ ఇదే పందెం. 0.02 మిల్లీమీటర్ల మేఘ బిందువులు పది లక్షలు కలిస్తేనే 2 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి తయారవుతుంది. ఢీకొన్న ప్రతి జంటా కలవదు, కొన్ని మధ్యలో గాలి చిక్కి ఎగిరిపోతాయి. ఏ సైజు, ఏ వేగం, ఎంత ఆవేశం ఉంటే కలుస్తాయన్నది వాన లెక్కలో భాగమే. తెలంగాణలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన గద్వాల నడిగడ్డకు ఇది వట్టి పుస్తకాల ముచ్చట కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మేఘమథనం పేరుతో జరిగిన ప్రయత్నాలు గుర్తున్నవారికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చినుకుల కలయిక మీద పట్టు దొరకనిదే మొగులు మీద పట్టు దొరకదు.

ఇంట్లో చూడాలంటే

వెడల్పాటి స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవసబ్బు రెండు చుక్కలు కలపండి. నురగ రాకుండా మెల్లగా తిప్పండి. పిల్లల మందు సీసాతో వచ్చే డ్రాపరులోకి ఆ నీటినే పీల్చి, నీటికి ఒక సెంటీమీటరు పైనుంచి కాస్త ఏటవాలుగా ఒక్కొక్క చుక్క వదలండి. పది పదిహేను చుక్కల్లో ఒకటైనా పూసై దొర్లుతుంది. సబ్బు ద్రవపు పైపొరను కదలనివ్వక కింది గాలి కారడాన్ని ఆలస్యం చేస్తుంది. గాలి గడువు పెరుగుతుంది. పైభాగం శుభ్రంగా ఉండాలన్న రేనాల్డ్స్ గమనికకు ఇది ఎదురుగా తోస్తుంది, అందుకే చివర్లో సబ్బు లేకుండానూ చూద్దాం.

తర్వాత మీటరు ఎత్తు నుంచి వదిలి చూడండి. ఎత్తు వంద రెట్లయితే వెబర్ సంఖ్య కూడా వంద రెట్లవుతుంది. మంచినీళ్లలో డ్రాపరు చుక్కకు అది ఆరు నుంచి ఆరు వందలకు ఎక్కుతుంది. ఒక్క పూసా నిలవదు, అన్నీ చిందుతాయి. ఇక సబ్బు లేని నీళ్లతో మళ్లీ మొదలుపెట్టి, ఎన్ని చుక్కలకు ఎన్ని పూసలు వచ్చాయో కాగితం మీద గీతలు పెట్టండి. డ్రాపరు పిల్లల చేతికివ్వండి, లెక్క మాత్రం మీరు రాయండి. రేనాల్డ్స్ మొదలుపెట్టిన పని కూడా ఇంతకంటే పెద్దదేం కాదు.